పోరంబోకులో సగం గేదె

మా మండలంలో ఒక గేదె మీద ప్రభుత్వం కొన్నాళ్ళుగా చర్య తీసుకుంటోంది. ఆ గేదె ఎవరి చేలోనూ పడలేదు, ఎవరినీ పొడవలేదు. అసలు భూమ్మీదే లేదు. అయినా దానికో ఫైలుంది, ఆ ఫైలు పట్టుకుని తిరగడానికో మనిషున్నాడు. ఈ సంగతి వాట్సాప్ గ్రూపుల్లో తలో రకంగా తిరుగుతోంది. ఒకాయనైతే ఆ గేదె కలెక్టర్ గారిని తరిమిందని రాశాడు. అది అబద్ధం. కలెక్టర్ గారికి ఈ గేదె ఉన్నట్టే తెలీదు. దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి జరిగింది జరిగినట్టు నేను చెబుతాను.

నా పేరు వెంకటరత్నం. కాలువగట్టు మీద రత్నం ఆర్ట్స్ అంటే నేనే. బోర్డులు రాస్తాను. రాసేవాణ్ణి అనాలేమో. ఫ్లెక్సీ మిషను వచ్చాక షాపుల బోర్డులు పోయాయి, పెళ్ళి బోర్డులు పోయాయి, చివరికి చనిపోయినవాళ్ళకి శ్రద్ధాంజలి కూడా మిషనే ఘటిస్తోంది. నాకు మిగిలిన పని ఒక్కటే, తహసీల్దారు ఆఫీసు వాళ్ళు ఖాళీ స్థలాల్లో పాతే రేకు బోర్డులు. "ఈ స్థలము ప్రభుత్వమునకు చెందినది. ఆక్రమించినవారు శిక్షార్హులు." ఫ్లెక్సీ అయితే వానకి చిరిగిపోతుందని వాటిని మాత్రం ఇంకా చేత్తోనే రాయిస్తారు. ఆ రెండు ముక్కలూ ఎన్నిసార్లు రాశానంటే, కొత్త పెన్ను రాస్తుందో లేదో చూద్దామన్నా నా చెయ్యి అవే రాస్తుంది.

నాకు పని నేర్పింది చిట్టూరి భద్రయ్యగారు. డెబ్భై దాటాయి. ఒకప్పుడు ఆయన "శ్రీ" రాస్తే షాపువాడు దానికి దణ్ణం పెట్టుకుని మరీ షట్టరు ఎత్తేవాడు. రైసుమిల్లు గోడ రాస్తుంటే నిచ్చెన జారి తుంటి విరిగింది. కట్టు విప్పగానే మళ్ళీ ఎక్కుతారేమోనని వాళ్ళావిడ ఆ నిచ్చెన ముక్కలు కొట్టించి నీళ్ళపొయ్యిలో పెట్టేసింది. ఆ నీళ్ళతోనే ఆయన స్నానం చేశారు. అప్పట్నుంచీ ఇంట్లో కూర్చుని గోడకేసి చూడడమే పని.

ఇలా ఉండగా మేరీ సుజాత ఒకరోజు వాళ్ళింటికి వచ్చింది. ఈ పిల్ల మా పొట్టకొట్టిన ఫ్లెక్సీ షాపులోనే డిజైనరు. అయినా మంచి పిల్ల. అక్షరాల వంపులు నేర్చుకుంటానని భద్రయ్యగారి దగ్గరికి వస్తూ ఉండేది.

"తాతగారూ, నవలోకం అని ఒకటుందండి. కంప్యూటర్లో ఊరు. దేశదేశాల ఆర్టిస్టులు అక్కడ కలుసుకుంటారండి. బోలెడు గోడలు ఖాళీగా ఉన్నాయి" అంది.

"ఎవరివమ్మా ఆ గోడలు?"

"ఎవరివీ కాదండి."

"ఎవరివీ కాని గోడలుంటాయేంటే?"

"అక్కడుంటాయండి. నిచ్చెన కూడా అక్కర్లేదు. గాల్లో నిలబడచ్చు."

భద్రయ్యగారు లేచి చొక్కా వేసుకున్నారు.

ఫ్లెక్సీ షాపు ఓనరు ఒకసారి కళ్ళకి కట్టుకునే డబ్బా ఒకటి కొన్నాడు. కట్టబోయే ఇల్లు కస్టమర్లకి ముందే చూపిద్దామని. చూసినవాళ్ళందరికీ తల తిరిగి, ఇల్లు వద్దని వెళ్ళిపోయారు. దాంతో అది వెనకగదిలో పడుంది. ఆదివారం షాపు సెలవు. ఓనరు "తియ్యండి, నాకెందుకు అది" అన్నాడు. అలా మొదలైంది.

నవలోకం ఎలా ఉంటుందో చెబుతాను. డబ్బా కళ్ళకి కట్టుకోగానే మన వెనకగది ఉండదు. వీధి ఉంటుంది. మనం కూడా మనంగా ఉండం, ఏదో ఒక బొమ్మలో ఉంటాం. ఆ వీధిలో ఎక్కడో పోలండు నుంచి ఒకావిడ గాజుతో మొక్కలు పెంచుతోంది. నీళ్ళు పోస్తే అవి మోగుతాయి. ఒకాయన మేడమీద కూర్చుని పొద్దస్తమానం డప్పు కొడతాడు, ఏ దేశమో మేమూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఎవరూ ఎవరినీ "ఇక్కడేం పని మీకు" అనరు. ఏదైనా గీస్తుంటే వచ్చి నిలబడతారు. బాగుంటే గాల్లో చిన్న పువ్వు వదులుతారు. మా నూకరాజు, లారీల వెనక కళ్ళూ పువ్వులూ వేసే పెయింటరు, మొదటిరోజు ఆ పువ్వులన్నీ ఏరుకుని జేబులో పెట్టుకోబోయాడు.

ఆ వీధి చివర ఖాళీ స్థలం, దానికో పెద్ద గోడ. భద్రయ్యగారు ఆ గోడ ముందు గాల్లోకి లేచారు. మాకు కనిపించేది మాత్రం వెనకగదిలో లుంగీ కట్టుకున్న ముసలాయన డబ్బా పెట్టుకుని చెయ్యి ఊపడం. ముఖం కనబడదు. కానీ ఆయన ఈల వేస్తున్నారు. నిచ్చెన కాలాక ఆ ఈల నేను మళ్ళీ వినడం అదే.

"ఏం రాత్తున్నారు గురువుగారూ?" అన్నాడు నూకరాజు.

"రాయట్లేదురా. గేదెనేత్తన్నా."

"గేదేటండీ బాబూ. నెమలెయ్యచ్చు కదా, హంసెయ్యచ్చు కదా."

"లారీల ఎనకాల నువ్వేసినియ్యి చాలవా? అయ్యే హంసలో బాతులో ఇప్పటికీ తేలలేదు."

"అది కాదండి, ఎవరన్నా చూత్తే బాగుండాలి కదాని."

"ఒరేయ్, ఇన్నేళ్ళూ నల్లరంగు షేడుకే వాడేను. అక్షరం కుడిపక్కన సన్నగా గీత, అంతే. డబ్బాడు నలుపూ ఒక్కచోట కుమ్మరించాలని ఎప్పట్నుంచో ఉంది నాకు. ఏ షాపోడు ఒప్పుకుంటాడు చెప్పు? పైగా ఈ గేదె ఎవడూ చెప్పింది కాదు. కింద ఫోన్ నెంబరుండదు, మావద్ద అన్నియు లభించును అనుండదు. గేదె, అంతే."

ప్రతి ఆదివారం గేదె కొంచెం కొంచెం పెరిగింది. ముందు కొమ్ములు, తర్వాత ముఖం, తర్వాత మెడ. కొమ్ము మెలికలో మా గురువుగారి "శ్రీ" వంపు ఉంది, తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. పోలండు ఆవిడ వారం వారం వచ్చి చూసేది. ఆవిడకి తెలుగు రాదు, ఈయనకి వేరే ఏదీ రాదు. చేతులతో వెనకవైపు చూపించి ఎప్పుడన్నట్టు అడిగేది. ఈయన వేళ్ళతో వచ్చే ఆదివారం అని చెప్పేవారు. ఆ వీధి వీధంతా వచ్చే ఆదివారం కోసం చూస్తుండేది.

ఇక్కడ నేను ఒక పని చేశాను. నా వంతు వచ్చినప్పుడు ఆ ఖాళీ స్థలంలో నిలబడ్డాను. చేతిలో కుంచె ఉంది, ఎదురుగా ఖాళీ రేకు ఉంది. చెయ్యి దానంతటదే రాసేసింది. "ఈ స్థలము ప్రభుత్వమునకు చెందినది. ఆక్రమించినవారు శిక్షార్హులు. తహసీల్దారు." అలవాటు కొద్దీ మూలన రత్నం ఆర్ట్స్, ఫోన్ నెంబరు కూడా వేశాను. చూసుకుని నవ్వుకుని ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాను. లైకులు బాగానే వచ్చాయి. అందులో ఒకటి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గారిదని నేను గమనించలేదు.

మర్నాడే తహసీల్దారు ఆఫీసు నుంచి రమ్మని ఫోను.

అప్పట్లో పై నుంచి ఒక ఉత్తర్వు వచ్చిందట, "డిజిటల్ ఆస్తుల గుర్తింపు పక్షోత్సవం" అని. ప్రతి మండలంలోనూ ప్రభుత్వానికున్న డిజిటల్ ఆస్తులు వెతికి పట్టుకోవాలి. మా మండలాఫీసులో ఉన్నవి రెండు కంప్యూటర్లు. ఒకదానికి మౌసు లేదు, రెండోదాని మీద పావురం గుడ్లు పెట్టింది. పక్క మండలం వాళ్ళు ఏకంగా నాలుగు ఆస్తులు చూపించారని తహసీల్దారు గారు బెంగ పెట్టుకున్నారు. అలాంటి సమయంలో నా ఫొటో ఆయన ముందు పెట్టారు.

"వెంకటరత్నం, ఈ బోర్డు నీ చేతిరాతేనా?"

"నాదేనండి."

"మన కార్యాలయపు నమూనాలోనే ఉన్నదా?"

"అచ్చం అదేనండి."

"అయితే ఈ స్థలం మనదే." రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గారికేసి తిరిగారు. "నోట్ చేసుకోండి."

"సార్, అది ఊరికే సరదాగా రాసిందండి. అక్కడ స్థలమే లేదండి."

తహసీల్దారు గారు కళ్ళజోడు తీశారు. "చూడవయ్యా. ప్రభుత్వ బోర్డు ప్రభుత్వ స్థలంలోనే ఉంటుంది. ఒకవేళ ఆ స్థలం ప్రభుత్వానిది కాకపోతే, ప్రభుత్వానిది కాని స్థలంలో ప్రభుత్వ బోర్డు పెట్టినందుకు నీ మీద క్రిమినల్ కేసు పెట్టవలసి ఉంటుంది. రెంటిలో ఏది వాస్తవమో నువ్వే ఆలోచించి చెప్పు. తొందరేం లేదు, మంచినీళ్ళు తాగు."

మంచినీళ్ళు తాగాను.

"స్థలం మీదేనండి" అన్నాను.

ఆ విధంగా మన రాష్ట్రంలో, నాకు తెలిసినంతవరకు, మొట్టమొదటి మిథ్యా పోరంబోకు మా మండలంలో నమోదైంది. వర్చువల్ అనడానికి మిథ్యా అన్నమాట తహసీల్దారు గారే ఎంచారు. ఆయన డిగ్రీలో సంస్కృతం చదివారు. నవలోకం కంపెనీ వాళ్ళకి కూడా ఉత్తరం రాశారు. వాళ్ళు ఏమీ అడగకుండా ఆ వీధి తాళం పంపించేశారు. తాళమంటే ఆఫీసు కంప్యూటర్లో ఒక ఎర్రబొత్తం. నొక్కితే వీధి మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, గాజు మొక్కలు, డప్పు మేడ, గోడ, అన్నీ. మౌసు లేని కంప్యూటర్లో పెట్టారని విని మొదట కొంచెం ధైర్యం తెచ్చుకున్నాం. మౌసు కొన్నారు.

తర్వాత సర్వే. సర్వేయరు గారు గొలుసుతో సహా ఫ్లెక్సీ షాపు వెనకగదికి వచ్చారు. డబ్బా పెట్టుకున్నారు, గొలుసు పట్టుకున్నారు, కొలుస్తూ నాలుగడుగులు వేసి ఫ్లెక్సీ చుట్టల మీద పడ్డారు. లేచి దులుపుకుని "భూమి ఎగుడుదిగుడుగా ఉన్నది" అని రాయించారు. ఉత్తరం ఎటు అని అడిగారు. అక్కడ ఉత్తరం ఉండదండి, సూర్యుణ్ణి ఎటు కావాలంటే అటు పెట్టుకోవచ్చు అంది మేరీ సుజాత.

"అలాగైతే సూర్యుణ్ణి ఒకచోట పెట్టి కదపకండి. కార్యాలయ పనివేళలు ముగిసేవరకు" అన్నారాయన.

చివరికి హద్దులు ఇలా తేలాయి. తూర్పు: లోడ్ అగుచున్నది. దక్షిణం: పోలండు దేశస్థురాలి గాజు మొక్కలు. పడమర: డప్పు శబ్దము. ఉత్తరం: ఆకాశము. మధ్యలో ఆక్రమణ: ఒక గోడ, దానిపై ఒక గేదె, అసంపూర్తి.

ఆ చివరి మాట దగ్గరే అసలు కథ మొదలైంది.

భద్రయ్యగారికి నోటీసు వచ్చింది. "మిథ్యా పోరంబోకు నందు తాము అక్రమముగా నిలిపిన పశువు తొలగింపు గురించి" అని. ఆ స్థలంలో మిథ్యా కార్యాలయ సముదాయం కడతారట, ప్రహరీతో సహా. వీధిలో అందరినీ ఖాళీ చేయిస్తారు. గురువుగారు అప్పటికి సగం వీపు దాకా వచ్చారు. నోటీసు రెండుసార్లు చదివి నా చేతిలో పెట్టి "పశువంటున్నారు, పోల్చుకున్నారన్నమాట" అన్నారు. ఆ ఒక్కదానికీ సంతోషించారు.

ఎర్రబొత్తం ఆ రోజే నొక్కేసేవాళ్ళు. కానీ ఆక్రమణల తొలగింపంతా ఆన్‌లైన్లో జరగాలి. ఒక్కో పేజీ నింపితేనే తర్వాతి పేజీ తెరుచుకుంటుంది. మొదటి పేజీ పశువులు, రెండోది చెట్లు, మూడోది కట్టడాలు, చివర ఉత్తర్వు. మొదటి పేజీలో పశువు వివరం దగ్గర రెండే గడులున్నాయి. గేదె, దున్న. ఏదో ఒకటి నొక్కాలి.

"గేదె అని నొక్కేద్దామండి" అన్నారు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గారు.

"రేపు దున్న అని తేలితే?" అన్నారు తహసీల్దారు గారు. "తప్పుడు ధ్రువీకరణ కింద సంజాయిషీ ఇచ్చుకోవలసింది నేను. గేదెకేం పోయింది? పశువైద్యాధికారి గారికి రాయండి."

డాక్టరమ్మ అనసూయగారు వచ్చారు. చాలా పద్ధతైన మనిషి. డబ్బా పెట్టుకుని గేదె చుట్టూ తిరగబోయి, అది గోడ మీద బొమ్మ కాబట్టి చుట్టూ తిరగడం కుదరక, ముందునుంచే చూసి నివేదిక ఇచ్చారు. "పరిశీలించిన పశువునకు ముందు భాగము మాత్రమే కలదు. వెనుక భాగము, పొదుగు మొదలగునవి లేనందున ఆడయో మగయో నిర్ధారించుట సాధ్యపడలేదు. ఆరోగ్యము బాగున్నది."

ఆ నివేదిక సంగతి వినగానే మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. గేదె సగంలో ఉన్నంతకాలం మొదటి పేజీ దాటదు. పేజీ దాటకపోతే బొత్తం నొక్కరు. పోలండు ఆవిడకి మేరీ సుజాత సంగతంతా కంప్యూటర్లో తర్జుమా చేసి చెప్పింది. ఆవిడ నమ్మలేదు. తర్జుమా సరిగ్గా రాలేదేమో మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పింది. ఆవిడ తన బొమ్మని కిందకి కూర్చోబెట్టేసింది.

రెండు రోజుల్లో ఆఫీసు వాళ్ళు గురువుగారికిమ్మని ఇంకో ఉత్తర్వు నా చేతిలో పెట్టారు.

"సదరు పశువు యొక్క వెనుక భాగమును ఆదివారము నాటికి పూర్తి చేసి, తోక పైకెత్తియుంచి, అధికారుల పరిశీలనకు చూపవలెను. లేనియెడల శాఖాపరముగా పూర్తి చేయించబడును."

అది పట్టుకుని నేనూ నూకరాజూ గురువుగారింటికి వెళ్ళాం. ఆయన అరుగు మీద గోడకానుకుని కూర్చున్నారు. చదివి వినిపించాను.

"గురువుగారూ, మీరింక వెనక్కాల జోలికెళ్ళకండి" అన్నాడు నూకరాజు. "సగం గేదె ఉంటే వీధుంటాది. మొత్తం గేదె అయితే వీధి పోతాది. పాపం ఆ గాజు మొక్కలావిడ కూడా ఉందండి."

"నాకు తెల్దేంట్రా?"

"తెల్సు కదండి మరి. ఆపేయండి."

"ఆపేత్తాను. ఆపేసి సగం గేదెకేసి చూత్తా కూచుంటాను. ఇంకేం పనుంది నాకు."

లోపల్నుంచి పిన్నిగారు, అంటే వాళ్ళావిడ, చాటతో బియ్యం చెరుగుతూ వచ్చారు. "ఏం నాయనా రత్నం, ఈయన నాలుగు రోజుల్నుంచీ ముద్ద సరిగా తినట్లేదు. నిచ్చెన కాల్చినప్పుడు కూడా ఇలాంటి మొహం పెట్టలేదు. ఇంతకీ ఆ గేదె పాలిత్తదా?"

"అదే తేల్చలేకపోతున్నారండి" అన్నాను.

భద్రయ్యగారు అప్పుడు నాకేసి తిరిగారు. "ఒరేయ్ రత్నం, పోవడం సంగతి తర్వాత. నా బాధ అది కాదు. పుట్టి బుద్ధెరిగాక ఎవడూ చెప్పకుండా చేసిన పని ఇదొక్కటేరా. ఇప్పుడు చూడు, ఆదివారం నాటికి కావాలి, తోక ఇలా ఉండాలి, వెనకభాగం అలా ఉండాలి. ఏమైందది? ఆర్డరు పని. పూర్తి చేసినా వాళ్ళు చెప్పిందే, ఆపినా వాళ్ళ వల్లే. నా గేదేదిరా ఇందులో?"

నూకరాజు తలొంచుకుని చెప్పుల వైపు చూశాడు. ఆ సమయంలోనే మేరీ సుజాత స్కూటీ మీద వచ్చింది. బండి స్టాండు వెయ్యడం కూడా మర్చిపోయి గోడకి ఆనించేసింది.

"తాతగారూ, ఆఫీసు వాళ్ళు మా షాపుకి ఆర్డరిచ్చారండి."

"ఏం ఆర్డరు?"

"వెనకభాగమండి. మీరు వెయ్యకపోతే శాఖాపరంగా అన్నారు కదండి, ఆ శాఖాపరం మేమేనండి. ఫ్లెక్సీలో డిజైన్ చేసి మీ గేదెకి అతికించమన్నారు. నమూనా ఫొటో కూడా పంపారు."

ఫోను చూపించింది. భద్రయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని చాలా దగ్గరగా చూశారు.

"ఇది గేదె కాదే."

"కాదండి. జెర్సీ ఆవండి. వెనకభాగమే కదా, ఏదైనా పర్వాలేదన్నారండి."

"తెల్లగా ఉంది."

"మచ్చలు కూడా ఉన్నాయండి."

భద్రయ్యగారు లేచారు. తుంటి పట్టుకుని, గోడ పట్టుకుని, మా చెయ్యి అక్కర్లేదని విదిలించి లేచారు. "పదమ్మా" అన్నారు. పిన్నిగారు చాట పక్కన పెట్టి "భోజనం?" అన్నారు. "వచ్చాక" అన్నారాయన.

ఆ వారంలో మిగిలిన రోజులన్నీ షాపులో గిరాకీ నడుస్తుండగానే వెనకగదిలో పని చేశారు. మమ్మల్ని చూడనివ్వలేదు. డబ్బాలో కనబడేది బయటికి చూపించే కంప్యూటరు తెర మీద మేరీ సుజాతని గుడ్డ కప్పమన్నారు. మాకు వినిపించేది ఈల ఒక్కటే. నూకరాజుకి దిగులు. "పూర్తి చేసేత్తన్నార్రా. బొత్తం నొక్కేత్తారు. ఆ డప్పాయనకి ఎవరు చెప్తారు?" అని పదే పదే అడిగాడు. అది చెప్పే ధైర్యం నాకు లేదు. నిజానికి నేనైనా అదే చేసేవాణ్ణి. మన గేదెకి ఇంకొకడి వెనకభాగం అతికిస్తుంటే చూస్తూ ఊరుకోలేం.

ఆదివారం ఉదయం అధికారులు దిగారు. డబ్బా ఒక్కటే కాబట్టి అది తహసీల్దారు గారికి. మిగిలినవాళ్ళు ఫోన్లలోంచి వచ్చారు. బొమ్మల దగ్గర కాసేపు ప్రొటోకాల్ సమస్య వచ్చింది. ఉచితంగా దొరికే బొమ్మలు నాలుగే, కుందేలు, కప్ప, కోడి, ఎలుగుబంటి. తహసీల్దారు గారు తొందరలో కుందేలు నొక్కారు. ఫైలు మోయడానికి వచ్చిన గ్రామ సహాయకుడు ఏసుపాదం ఎలుగుబంటి నొక్కాడు. అందరికన్నా వాడే ఎత్తు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గారు "నువ్వు వంగి నడువు" అన్నారు, కోడి గొంతుతో. డాక్టరమ్మ కప్ప.

వీధి వీధంతా వచ్చి నిలబడింది. డప్పాయన కొట్టడం ఆపేశాడు. అక్కడ చప్పుడు లేకపోవడం నేను మొదటిసారి విన్నాను. పోలండు ఆవిడ ఒక గాజు మొక్కని చంకలో పెట్టుకుంది, ఒక్కటైనా బయటికి తీసుకెళ్ళచ్చేమో అన్నట్టు.

గోడ మీద పరదా లాంటిది ఉంది. భద్రయ్యగారు దాన్ని లాగేశారు.

గేదె పూర్తయింది. కొమ్ములు, మెడ, వీపు, పిరుదులు, తోక, అన్నీ ఉన్నాయి. నేను ఇన్నేళ్ళలో అంత నలుపు ఒకచోట చూడలేదు. నిగనిగలాడుతోంది. తోక ఉత్తర్వులో చెప్పినట్టే పైకెత్తి ఉంది, చివర బురద చుక్కలు ఎగురుతున్నాయి. కళ్ళు సగం మూసుకుని ఉంది. ఇక మిగతా గోడంతా, ఈ చివర్నుంచి ఆ చివరికి, చిక్కటి బురదగుంట. గేదె అందులో పొట్ట మునిగేదాకా పడుకుని ఉంది.

గాల్లోకి పువ్వులు లేచాయి. అలా లేస్తూనే ఉన్నాయి. వాటిమధ్యలోంచి కుందేలు ముందుకొచ్చింది.

"డాక్టరు గారూ, పరిశీలించండి."

కప్ప గోడ దగ్గరికి గెంతింది. అటు చూసింది, ఇటు చూసింది. "వెనకభాగం ఉన్నది సార్. తోక కూడా నిబంధనల ప్రకారమే ఉన్నది."

"అయితే రాయండి. గేదెనా, దున్ననా?"

"చూడవలసిన భాగం బురదలో ఉన్నది సార్."

కుందేలు చెవులు కదిలాయి. "ఏమయ్యా భద్రయ్యా, ఏమిటిది?"

"బురదండి."

"ఉత్తర్వులో బురద లేదు కదా."

"లేదండి. అదొక్కటీ నా సొంతమండి."

"పశువును బయటికి రప్పించవయ్యా."

"ఎండగా ఉంది కదండి. సర్వేయరు గారు సూర్యుణ్ణి ఇక్కడే పెట్టేసి కదపొద్దన్నారండి. ఈ ఎండలో ఏ గేదె లేత్తదండి?"

రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గారు, అంటే కోడి, ముందుకొచ్చి "నీళ్ళు తోడించేద్దామండి" అన్నారు. తహసీల్దారు గారు ఆయన్ని పక్కకి తీసుకెళ్ళారు. కుందేలు, కోడి గాజు మొక్కల చాటున నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నాయి. మాకు ముక్కలు ముక్కలుగా వినిపించింది. నీటివనరు అంటున్నారు, పూడ్చరాదు అంటున్నారు, నీటిపారుదల శాఖ అభిప్రాయం కోరాలంటే మళ్ళీ మొదటి పేజీ ముందు ఇంకో పేజీ వస్తుందంటున్నారు. చివరికి తహసీల్దారు గారు తిరిగొచ్చి, ఒక కుందేలు ఎంత హుందాగా మాట్లాడగలదో అంత హుందాగా ప్రకటించారు.

"పశువు విశ్రాంతిలో ఉన్నందున పరిశీలన వాయిదా వేయడమైనది. అది లేచి నిలబడిన తక్షణం నివేదించుటకు గాను ఒక సిబ్బందిని ఇక్కడ నియమించడమైనది."

ఆ సిబ్బంది ఏసుపాదం.

ఇప్పటికీ ఏసుపాదం రోజూ ఆఫీసు వేళకి తన ఫోన్లోంచి ఎలుగుబంటిగా వచ్చి ఆ గోడ ఎదురుగా కూర్చుంటాడు. సాయంత్రం ఆన్‌లైన్లో ఒకే ముక్క పంపిస్తాడు. "ఈ దినము కూడా లేవలేదు." వీధి అలాగే ఉంది. పోలండు ఆవిడ అతని కోసం నీడకి ఒక గాజు చెట్టు కట్టింది. భద్రయ్యగారు పక్క గోడ మొదలుపెట్టారు. ఏమిటని అడిగితే చెప్పరు. నలుపు మాత్రం బాగానే పడుతోంది.

మొన్న నేనూ అక్కడే ఉన్నాను. ఏసుపాదం కొంచెం ఇబ్బందిగా కదిలాడు. పెద్దవాళ్ళున్నారని ఎలుగుబంటి చేతులు కట్టుకుంది.

"భద్రయ్యగారండి, ఒక మాటడగనాండి? మీరేమనుకోపోతే."

"అడుగు."

"ఇది ఎప్పటికన్నా లేత్తదాండి?"

భద్రయ్యగారు గాల్లోంచి కిందికి చూశారు. "నీకు రిటైర్మెంటు ఎప్పుడ్రా?"

"ఇంకా పన్నెండేళ్ళుందండి."

"అయితే కంగారు పడకు. అప్పటిదాకా లేవదులే" అని మళ్ళీ గోడ వైపు తిరిగారు.